ఎనిమిదో తరగతిలో బాబు వెనకబడ్డాడు, బడి మార్చాలా?

కరీంనగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి ఒక తల్లి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెల్లడించవద్దని కోరారు. ఆమె తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ వరకు చదివారు, ఇంట్లోనే మిషన్ కుడతారు. భర్తకు బస్టాండు దగ్గర చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. ఇద్దరి సంపాదన కలిపినా ఏడాదికి రెండున్నర లక్షలు దాటదట. పదమూడేళ్ళ కొడుకు ఏడో తరగతి వరకు ఊళ్ళోని చిన్న ఇంగ్లిషు మీడియం బడిలో చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాడు. ‘ఎనిమిది నుంచే పునాది పడాలి’ అని బంధువులు చెప్పడంతో ఈ జూన్‌లో చిట్టీ ఎత్తి, కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో, రాష్ట్ర సిలబస్‌తో పాటు ఐఐటీ ఫౌండేషన్ కూడా చెప్పే సెక్షన్‌లో చేర్పించారు. ఫీజు డెబ్బై వేలు, బస్సుకు మరో పద్దెనిమిది వేలు. పిల్లవాడు ఉదయం ఆరున్నరకు బస్సెక్కి రాత్రి ఏడుంబావుకు ఇల్లు చేరుతున్నాడు. హోంవర్కు ముగించి పడుకునేసరికి పదకొండు దాటుతోంది, మళ్ళీ ఐదింటికి లేవాలి.

మొదటి ఫార్మేటివ్ (మధ్యమధ్యలో పెట్టే చిన్న) పరీక్షలో గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ మార్కులు బాగా తగ్గితే తండ్రి చెయ్యి చేసుకున్నారు. రెండో పరీక్ష ప్రోగ్రెస్ కార్డు ఇంటికి రానే లేదు. పేరెంట్స్ మీటింగులో చూస్తే దాని మీద తండ్రి సంతకం ఉంది, పెట్టింది పిల్లవాడు. ఆ విషయం టీచరుకు తెలియదు, తల్లి చెప్పలేదు. టీచరు మాత్రం ‘మీవాడికి బేసిక్స్ లేవు, సాయంత్రం స్పెషల్ క్లాసుకు కట్టండి’ అన్నారు. ఇంటికొచ్చాక తండ్రి ‘చదువు రాకపోతే వచ్చి దుకాణంలో కూర్చో’ అని తేల్చేశారు. నిజానికి సెలవు రోజుల్లో దుకాణంలో బిల్లులు వేసేది ఈ పిల్లవాడే, ఒక్క లెక్కా తప్పడని తల్లి రాశారు. దసరా సెలవుల తర్వాత రాసిన సమ్మేటివ్ (టర్ము చివర పెట్టే పెద్ద) పరీక్షలో గణితం జవాబు పత్రాన్ని ఫోటోలు తీసి ఉత్తరానికి జతచేశారు.

ఆమె అడిగినవి ఇవి. అసలు ఎనిమిదో తరగతిలో పిల్లలు ఏం చేయగలగాలి? మావాడు నిజంగానే అంత వెనకబడ్డాడా, ఫెయిల్ చేస్తారా? అక్కడే ఉంచాలా, మధ్యలో మార్చాలా? సంతకం విషయంలో ఏం చేయాలి? ఊళ్ళో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్న అమ్మాయిని కూడా వచ్చే జూన్‌లో అన్న బడికే పంపాలని మావారు అంటున్నారు, పంపవచ్చా?

జవాబు

అమ్మా, జవాబు పత్రం ఫోటోలు పంపి మీరు చాలా మంచి పని చేశారు. మార్కులు మాత్రమే రాసి ఉంటే నేను కూడా ‘బేసిక్స్ లేవు’ లాంటి మాటే ఏదో చెప్పవలసి వచ్చేది. ఆ మాట వినగానే తల్లిదండ్రులకు ఒకటో తరగతి నుంచి అంతా కూలిపోయిందన్న భయం పడుతుంది కానీ, ఎక్కడ ఏం సరిచేయాలో దానివల్ల తెలియదు. అందుకని ఆ పత్రంతోనే మొదలుపెడతాను.

మీవాడి పత్రంలో నాకు నాలుగు చోట్లు ముఖ్యంగా కనిపించాయి. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, పన్నెండేళ్ళ తర్వాత రెండు రెట్లు అవుతుంది, ఇప్పుడు వారి వయసులెంత అన్న లెక్కకు అతడు ‘12, 36’ అని రెండు అంకెలు వేసి వదిలేశాడు. జవాబు సరైనదే, కానీ నాలుగు మార్కుల్లో ఒక్కటే పడింది. 1,500 రూపాయల ఫ్యానుకు పది శాతం తగ్గింపు ఇచ్చి, మిగిలిన దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తే బిల్లు ఎంత అన్నదానికి 1,593 అని తప్పు లేకుండా చేశాడు, పూర్తి మార్కులు వచ్చాయి. x, 5ల మొత్తాన్ని వర్గం చేయమంటే x వర్గం, 25 అని మాత్రమే రాసి మధ్యలో రావలసిన 10xను వదిలేశాడు. చివరిది, మైనస్ 7 నుంచి మైనస్ 4 తీసివేయమంటే మైనస్ 3 రావలసింది మైనస్ 11 అని వేశాడు, ఆ ఒక్క తప్పు వల్ల మూడు లెక్కలు వరసగా పోయాయి.

వీటిని కలిపి చూస్తే ఈ పిల్లవాడికి లెక్కలు రావని ఎవరూ అనలేరు. శాతాలు, తగ్గింపులు, వడ్డీలు ఎనిమిదో తరగతి పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఉంటాయి, అవి అతడికి దుకాణంలోనే ఒంటబట్టాయి. వయసుల లెక్కను మనసులోనే ఛేదించాడంటే బుర్ర చురుకైనదే. లోపం మూడు చోట్ల ఉంది. ఋణసంఖ్యల కూడికలు, తీసివేతలు ఆరు, ఏడు తరగతుల్లో గట్టిపడలేదు. అంకెకు బదులు అక్షరం వచ్చినప్పుడు దాన్ని ఏం చేయాలో స్పష్టత లేదు. చేసిన దారిని కాగితం మీద వరుసగా చూపే అలవాటు లేదు. మొదటి రెండూ ఇంట్లో రోజుకు అరగంట కూర్చుంటే రెండు నెలల్లో దారికి వచ్చేవి. మూడోదాని సంగతి కొంచెం వేరు, ముందుగా మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి దాని దగ్గరకు వస్తాను.

ఎనిమిదో తరగతిలో పాఠాలు పెరుగుతాయన్నది అందరికీ తెలుసు, చదువు తీరే మారుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మన రాష్ట్ర సిలబస్‌లో ఏడు వరకు ఒకే సామాన్యశాస్త్రం ఉంటుంది. ఎనిమిదిలో అది భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం అని రెండు పుస్తకాలుగా, చాలా చోట్ల ఇద్దరు ఉపాధ్యాయుల చేతుల్లోకి విడిపోతుంది. ఒకవైపు బలం, ఘర్షణ, ధ్వని, లోహాలు–అలోహాలు, మరోవైపు కణం, సూక్ష్మజీవులు, కౌమార దశ. ఘర్షణ అంటే ఏమిటని అడగడంతో ఆగరు, నేల నున్నగా ఉంటే ఏమవుతుందో ఊహించమంటారు, ప్రయోగం ఎలా చేస్తావో రాయమంటారు, పటం గీయమంటారు. సాంఘికశాస్త్రంలో నిజాం కాలపు భూస్వాములు–కౌలుదారుల నుంచి రాజ్యాంగం, పార్లమెంటు, బ్యాంకుల దాకా ఉంటుంది. అక్కడ పేరా చదివి నీ అభిప్రాయం చెప్పమంటారు. తెలుగులో సొంత మాటల్లో పేజీడు రాయాలి. హిందీ ఆరో తరగతిలో మొదలైన భాష కాబట్టి దానికి భయపడవలసిన పని లేదు, పదో తరగతి పబ్లిక్ పరీక్షలో కూడా మిగతా సబ్జెక్టులకు 35 మార్కులు ఉత్తీర్ణత అయితే ద్వితీయ భాషగా హిందీకి 20 సరిపోతాయి.

అసలు మలుపు గణితంలో ఉంటుంది. అకరణీయ సంఖ్యలు, ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు, ఘాతాంకాలు, వర్గమూలాలు–ఘనమూలాలు, బీజీయ సమాసాలు, కారణాంక విభజన, చతుర్భుజాల నిర్మాణం, ఘనపరిమాణాలు అన్నీ ఈ ఏడాదే వస్తాయి. ఏడో తరగతి దాకా జవాబు ఎంత అన్నది ముఖ్యం, ఎనిమిదిలో ఎలా వచ్చిందన్నది ముఖ్యం. కొడుకు వయసు x అనుకుందాం, తండ్రి వయసు 3x, పన్నెండేళ్ళ తర్వాత ఇద్దరికీ చెరి పన్నెండూ కలుస్తాయి, అప్పుడు ఒకటి రెండోదానికి రెట్టింపు అని నాలుగు వరుసలు రాయడమే అక్కడ పరీక్షించే విద్య. వయసులు చిన్న అంకెలు కాబట్టి మీవాడు మనసులో పట్టేశాడు. తొమ్మిది, పది తరగతుల్లో రెండు చరరాశులు, వర్గ సమీకరణాలు వచ్చినప్పుడు మనసులో పట్టడం కుదరదు, రాసి చూపడం వచ్చిన వాడే నిలుస్తాడు.

ఇక ఆ మూడో లోపం. మీవాడున్న ఫౌండేషన్ సెక్షన్‌లో ప్రతి వారం పరీక్ష ఉంటుందని, నాలుగు జవాబుల్లో ఒకదానికి బుడగ నింపాలని మీరు ఉత్తరం మూడో పేజీలో యథాలాపంగా రాశారు. నా దృష్టిలో ఉత్తరమంతటిలో ముఖ్యమైన వాక్యం అదే. బుడగ నింపే పరీక్షలో దారి చూపిన వాడికి ఒక్క మార్కు ఎక్కువ రాదు, పైగా సమయం పోతుంది. సమ్మేటివ్ పరీక్షలో దారి చూపనివాడికి మార్కే లేదు. ఒకే పిల్లవాడిని వారం వారం ఒక అలవాటుకు తోమి, ఏడాదికి రెండుసార్లు దానికి నేరుగా విరుద్ధమైన అలవాటుతో కొలుస్తున్నారు. పన్నెండు, ముప్ఫై ఆరు అని రెండంకెలు వేసి వదిలేసినప్పుడు అతడు తనకు నేర్పిన పనే చేశాడు.

ఫౌండేషన్ చదువు చెడ్డదని నేను అనను. పాఠ్యపుస్తకంలోని లెక్కలు ఆడుతూ పాడుతూ ముగించి, ఇంకా ఏమైనా ఇవ్వండని అడిగే పిల్లలు ఉంటారు. అలాంటి వారికి అది మంచి మేత. కానీ ఐఐటీ సీట్లకు పెట్టే జేఈఈ అన్నది ఇంటర్మీడియట్ తర్వాత రాసే పరీక్ష, దాని సిలబస్ ప్రధానంగా ఇంటర్ రెండేళ్ళది. ఎనిమిదిలో మొదలుపెట్టనివాడికి ఆ తలుపు మూసుకుపోదు. ఋణసంఖ్యలు తడబడుతున్న పిల్లవాడికి తొమ్మిది, పది తరగతుల పాఠాలు ముందే చెప్పడం వల్ల మాత్రం, తన తరగతి పాఠం కూడా తనది కాకుండా పోతుంది. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఇదేనని నా అంచనా.

దానికి తోడు నిద్ర. పదకొండు దాటి పడుకుని ఐదింటికి లేస్తే మిగిలేది ఆరు గంటల లోపే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు వారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. మీవాడు భౌతికశాస్త్రం పీరియడ్‌లో కునుకు తీస్తున్నాడని టీచరు ఫిర్యాదు చేశారని రాశారు కదా, దానికి కారణం వెతకనక్కర్లేదు. ఈ తరగతి జీవశాస్త్రం పుస్తకంలో కౌమార దశ పాఠం ఉంది. గొంతు మారడం, ఎత్తు పెరగడం, ఊరికే కోపం రావడం, ఒంటరిగా ఉండాలనిపించడం అన్నీ అందులో ఉంటాయి. ఆ పాఠం పరీక్షలో ఒక ప్రశ్న వస్తుందని చదివించేకన్నా, మీవారు ఒకసారి చదివితే ఎక్కువ ఉపయోగం.

ఫెయిల్ చేస్తారా అన్న భయం గురించి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఎనిమిదో తరగతి ముగిసేదాకా వర్తిస్తుంది. మొదట్లో ఎనిమిది దాకా ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదని అందులో ఉండేది. 2019లో చేసిన సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టి, తప్పినవారికి మళ్ళీ అవకాశం ఇచ్చి, అప్పటికీ కాకపోతే ఆపే వీలును ఆయా ప్రభుత్వాల నిర్ణయానికి వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని బడులకు దాన్ని అమలు చేసింది. మీ బడిలో ఈ ఏడాది వర్తించే నియమం ఏమిటో ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి, కాగితం మీద చూపించమనండి. ‘మార్కులు రాకపోతే ప్రమోట్ చేయం’ అని మాటగా బెదిరించడం వేరు, నియమం వేరు. మీవాడి మార్కులను బట్టి చూస్తే, నియమం ఏదైనా తరగతి ఆగిపోయేంత పరిస్థితి కాదు. నాలుగు ఫార్మేటివ్‌లు, రెండు సమ్మేటివ్‌లలో ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఫార్మేటివ్ మార్కుల్లో స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్షతో పాటు తరగతిలో పాల్గొనడం, రాతపని, ప్రాజెక్టు పని కూడా లెక్కకు వస్తాయి. ఆ భాగాల్లో ఎంత వచ్చాయో విడిగా చూడండి.

ఇప్పుడు బడి సంగతి. మీ ముందు నాలుగు దారులున్నాయి, ఏదీ ఖర్చు లేనిది కాదు.

ఉన్న సెక్షన్‌లోనే ఉంచి, స్పెషల్ క్లాసుకు కట్టడం ఒకటి. ఊళ్ళో మాట పడదు, కట్టిన ఫీజు దండగ అయిందన్న బాధ ఉండదు. కానీ ఆ క్లాసు ఏడింటి దాకా నడిస్తే పిల్లవాడు ఎనిమిదిన్నరకు ఇల్లు చేరతాడు, నిద్రలో మరో గంట పోతుంది. అక్కడ చెప్పేది ఋణసంఖ్యలేనా, లేక మళ్ళీ అదే ఫౌండేషన్ పాఠమా అన్నది డబ్బు కట్టకముందే తెలుసుకోండి. రెండోదైతే ఈ దారి వద్దని నా అభిప్రాయం.

అదే బడిలో ఫౌండేషన్ లేని మామూలు సెక్షన్‌కు మార్చమని అడగడం రెండోది. బస్సు ప్రయాణం తగ్గదు కానీ రెండు సిలబస్‌ల బరువు, వారం వారం బుడగల పరీక్ష తగ్గుతాయి. ఫీజులో తేడాను తిరిగి ఇస్తారా, వచ్చే టర్ముకు సర్దుతారా అన్నది ముందే రాయించుకోండి. పిల్లవాడికి ‘కింది సెక్షన్’ అన్న చిన్నచూపు కొన్నాళ్ళు ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా ఉండలేం, ఆ వయసులో అది పెద్ద దెబ్బే. అందుకే ఈ నిర్ణయం అతడికి శిక్షగా చెప్పకుండా, అతడితో కలిసి జవాబు పత్రం ముందు పెట్టుకుని తీసుకోవాలి.

మూడోది ఇప్పుడే ఊళ్ళోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు మార్చడం. దీనికి ఒక చట్టపరమైన వెసులుబాటు ఉంది, అది ఎనిమిదో తరగతి దాకానే ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లవాడు ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారదలిస్తే పాత బడి వెంటనే బదిలీ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఫీజు బాకీ చూపి టీసీ తొక్కిపెట్టడం మనం రోజూ వింటున్నదే కాబట్టి, ఈ సంగతి మీరు తెలుసుకుని ఉండాలి. తొమ్మిదిలో అడుగుపెట్టాక ఈ రక్షణను ఇంత ధీమాగా అడగలేరు. నడిచి వెళ్ళే బడి అయితే మూడు గంటలు మిగులుతాయి, పుస్తకాలు ఉచితం, మధ్యాహ్న భోజనం ఉంటుంది, అన్నింటికీ మించి నిద్ర తిరిగి వస్తుంది. కాకపోతే చేర్చే ముందు మీరే వెళ్ళి గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, ఇంగ్లిషు చెప్పే ఉపాధ్యాయులు నలుగురూ ఉన్నారా, ఎవరి పోస్టైనా ఖాళీగా ఉందా అని కనుక్కోండి. ఒక బడిలో గణితం సారు ఇరవై ఏళ్ళ అనుభవంతో ఉంటారు, పక్క మండలంలో అదే పోస్టు ఖాళీగా ఉంటుంది. మీ అమ్మాయి అక్కడే చదువుతోంది కనుక మీకు లోపలి సంగతులు తెలియడం తేలిక. కట్టిన ఫీజు చాలావరకు తిరిగి రాదని మనసులో రాసుకోండి.

సంవత్సరం అక్కడే ముగించి, జూన్‌లో తొమ్మిదికి మార్చడం నాలుగోది. స్నేహితులు, పరీక్షలు మధ్యలో తెగవు. కానీ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ ఆరు గంటల నిద్రతో, ఈ భయంతో నడిపించాలి. ఆ లోగా బీజీయ సమాసాలు, కారణాంక విభజన జారిపోతే, తొమ్మిదో తరగతి గణితం మొదటి నెలలోనే తగులుకుంటుంది.

నాకు వీటిలో రెండోది గాని మూడోది గాని సబబుగా తోస్తోంది. మీ ఊరి ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పేవారు ఉన్నారంటే మూడోది, లేరంటే రెండోది. మీవారు ‘ప్రభుత్వ బడిలో చదివితే ఎటూ కాకుండా పోతాడు’ అంటున్నారని రాశారు. ఆయనకు రెండు సంగతులు చెప్పండి. పదో తరగతి తర్వాత బాసరలోని ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ)లో ఆరేళ్ళ ఇంజినీరింగ్ చదువుకు పదో తరగతి ఫలితాలను బట్టే సీట్లు ఇస్తారు, అందులో ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమా చేసి, డిప్లొమా వారికి పెట్టే ఈసెట్ ద్వారా నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది. ఎలక్ట్రికల్ దుకాణంలో పెరిగిన పిల్లవాడికి ఎలక్ట్రికల్ డిప్లొమా పరాయిది కాదు. ఇది ఇప్పుడు తేల్చవలసిన విషయం కాదనుకోండి, ఒక బడితోనే అంతా ముగిసిపోదని ఆయనకు తెలియడానికి చెబుతున్నాను.

ఏ దారి పట్టినా ఇంట్లో అరగంట పని తప్పదు, దానికి మీరే చాలు. ఇంటర్ చదివిన మీరు ‘నాకు ఇంగ్లిషు మీడియం రాదు’ అని వెనక్కి తగ్గుతున్నారు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిది దాకా పిల్లలకు ఇస్తున్న పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉంటాయి. పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దించుకోవచ్చు, లేదా ఊళ్ళో ఎవరి దగ్గరైనా పాత పుస్తకం దొరుకుతుంది. మీరు తెలుగు పేజీ చదవండి, అతడు ఇంగ్లిషు పేజీ చదివి మీకు తెలుగులో చెప్పాలి. భౌతికశాస్త్రంలో ఒక్క వాక్యంతో జవాబు ముగిస్తున్నాడని మీరు రాసిన సమస్య దీంతోనే సగం తీరుతుంది, ఎందుకంటే అర్థమైన విషయాన్ని తెలుగులో నాలుగు వాక్యాలుగా చెప్పగలిగినవాడు ఇంగ్లిషులో కనీసం మూడు రాస్తాడు.

వర్గం లెక్క సంగతి మీ మిషన్ దగ్గరే తేలుతుంది. ఏడంగుళాల చదరపు గుడ్డముక్క ఒకటి కత్తిరించి, ప్రతి అంచునూ రెండు, ఐదు అంగుళాలుగా సుద్దతో విడగొట్టి గీతలు గీయమనండి. రెండు రెళ్ళ ముక్క ఒకటి, ఐదు ఐదుల ముక్క ఒకటి వస్తాయి, ఆ రెండూ కలిపి ఇరవై తొమ్మిదే. మొత్తం గుడ్డ నలభై తొమ్మిది. మిగిలిన ఇరవై ఎక్కడుంది అని అడగండి, రెండు అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల పొడవు ఉన్న ముక్కలు రెండు పక్కలా అతడికే కనిపిస్తాయి. తర్వాత రెండు అంగుళాల బదులు x అంగుళాలు అనుకోమనండి. ఋణసంఖ్యలకు దుకాణం ఖాతా పుస్తకం చాలు: ఏడు రూపాయలు బాకీ ఉన్నవాడి బాకీలోంచి నాలుగు రూపాయలు కొట్టేస్తే ఇంకెంత బాకీ? మూడు అని అతడు తడుముకోకుండా చెబుతాడు. మైనస్ 7 లోంచి మైనస్ 4 తీసేయడమంటే అదేనని అప్పుడు చూపండి. రోజుకు ఐదు లెక్కలు చాలు, కానీ ప్రతి లెక్కకూ దారి రాయాలి. జవాబు తప్పినా దారి ఉంటే మీరు టిక్కు పెట్టండి.

సంతకం గురించి మీరు చాలా బాధపడ్డారు. తప్పు తప్పే, దాన్ని దాటవేయకూడదు. అయితే అతడు మొదటి కార్డు చూపించాడు, దెబ్బ తిన్నాడు, రెండోది చూపించలేదు. ఈ వరుస మీవారికి చెప్పవలసింది మీరే. మీరు బడికి చెప్పకుండా వదిలేస్తే ప్రస్తుతానికి గొడవ ఉండదు, కానీ తరువాతి కార్డు వచ్చేదాకా ఆ రహస్యం మీ ఇద్దరి మధ్యా నలుగుతుంది, టీచరుకు తెలిసిననాడు మీరూ అందులో ఉన్నట్టవుతుంది. మీరే వెళ్ళి చెప్పి వస్తే పిల్లవాడు మిమ్మల్ని నమ్మడం మానేస్తాడు. నేనైతే అతడినే వెంటబెట్టుకు వెళ్ళి, టీచరుకు అతడితోనే చెప్పించి, తండ్రి చేత కార్డు మీద మళ్ళీ సంతకం పెట్టించేదాన్ని. వెళ్ళే ముందు టీచరుతో ఫోనులో మాట్లాడి, తరగతిలో అందరి ముందూ నిలబెట్టవద్దని, కొట్టవద్దని స్పష్టంగా అడగండి. బడిలో శారీరక శిక్షను, మానసికంగా వేధించడాన్ని అదే విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో కూడా మూడో కార్డు ఎలా ఉన్నా చెయ్యి లేవదని మీవారు ముందే మాట ఇవ్వాలి. లేకపోతే అతడు ఆ కార్డూ దాస్తాడు.

దుకాణంలో కూర్చోబెడతానన్న మాట మీవారు వెనక్కి తీసుకుంటే మంచిది. పిల్లవాడి లెక్క ఒక్కటీ తప్పని చోటు అదే, దాన్నే శిక్షగా చూపిస్తే అక్కడి నమ్మకమూ పోతుంది. పైగా తాను రోజంతా చేసే పని చదువు రానివాళ్ళ పని అని ఆయనే కొడుక్కి చెబుతున్నట్టు అవుతుంది. ఆదివారం గంటసేపు బిల్లులు వేయనివ్వండి, కానీ ప్రతి బిల్లు వెనక తగ్గింపు, పన్ను ఎలా వేశాడో వరుసలు రాయమని తండ్రే అడగాలి. తల్లి అడిగితే హోంవర్కులా ఉంటుంది, తండ్రి అడిగితే వ్యాపారంలా ఉంటుంది.

ఇక అమ్మాయి. మీవారి ఆలోచనలో తప్పు లేదు, కానీ ఒక లెక్క చూసుకోకుండా మార్చవద్దు. ఎనిమిదో తరగతిలో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే అది, ప్రైవేటు బడిలో చేరిన మరుక్షణం అర్హత పోతుంది. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు, మీరు రాసినదాన్ని బట్టి మీరు ఆ పరిధిలోనే ఉన్నారు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఐదు శాతం సడలింపు ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ప్రభుత్వ లేదా ఎయిడెడ్ విద్యాసంస్థలోనే చదువుతున్నంత కాలం, ఏడాదికి 12,000 రూపాయలు ఖాతాలో పడతాయి. నాలుగేళ్ళకు 48,000. పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోదానికి తొంభై ప్రశ్నలు, తొంభై నిమిషాలు. ఒకటి తర్కానికి సంబంధించింది, రెండోది ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, గణితం, సాంఘికం నుంచి. బాబు ఈ ఏడాది ప్రైవేటు బడిలో ఉన్నాడు కాబట్టి ఈ స్కాలర్‌షిప్ ఆశతో అతడి బడి మార్చవద్దు, అతడిని మార్చడానికి వేరే కారణాలున్నాయి.

అమ్మాయిని అన్న బడికి పంపితే ఏడాదికి దాదాపు తొంభై వేలు కట్టాలి, ఈ అవకాశమూ పోతుంది. ఊళ్ళోనే ఉంచితే పరీక్షకు తయారీ మీరు చూసుకోవాలి, ఎంపికవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆమె ఏమంటోందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ముందు ఆమెను అడగండి. ఊళ్ళోనే ఉండే పక్షంలో ఈ మార్చిలోపు ఏడో తరగతి మార్కులు 55 శాతం దాటేలా చూసుకోండి. జూన్‌లో మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి, అవసరమైతే కుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. బడిలోని రికార్డులో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు ఒకే రకంగా ఉందో లేదో సరిచూసుకోండి. దరఖాస్తు ప్రధానోపాధ్యాయుడి ద్వారానే వెళ్తుంది కాబట్టి, నోటిఫికేషన్ రాగానే చెప్పమని ఆయనకు ఇప్పుడే ఒక మాట వేసి ఉంచండి.